తొలివేసవిలో పసిబిడ్డల యిల్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో గ్రంథముల మహిమను గూర్చియు, విజ్ఞాన వ్యాప్తిని గూర్చియు ప్రసంగించుట ఆచారము. ఈ ఉపన్యాసమునకు మాత్రము ఒక చిన్న యిల్లు విషయము. ఆ యింటిలో ఆరేండ్లలోపు పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉందురు. తండ్రి కర్మాగారములో పనిచేయును. తల్లియు ఏదో యొక పనికి పోవును. పోనిచో ఇంటనే యుండి ఉదయము మొదలు రాత్రివరకు చాకిరి చేయును. ఆ యిల్లు సంగారెడ్డిలో ఉండవచ్చును, పటాన్‌చెరులో ఉండవచ్చును, ఇస్నాపూరులోనో, పాశమైలారములోనో, బొల్లారములోనో ఉండవచ్చును. కాలము తొలివేసవి. మోదుగులు పూచి రాలి, వేపపూత వచ్చి, ఉగాది పచ్చడి తిని, శ్రీరామనవమి పానకము త్రాగు దినములవి. ఎండ ఇంకను ముదురలేదని పెద్దలు అనుకొనుచుండగనే పసివారి ఒళ్ళు వెచ్చబడు దినములవి.

దీనితో గ్రంథాలయమునకేమి సంబంధమని కొందరికి తోచవచ్చును. సంబంధమేమో చివరకు తేటపడును. ముందుగా చెప్పవలసిన మాట ఒక్కటి కలదు. ఈ పారిశ్రామిక ప్రాంతములో ఇంటి గడియారమును నడుపునది కర్మాగారపు సైరను. బిడ్డ శరీరమును నడుపునది సూర్యుడు. తొలివేసవిలో ఈ రెంటికి పొత్తు కుదరదు. పొత్తు కుదరని వేళ నష్టపోవునది నోరులేని పసిబిడ్డ. కావున ఈ మూడు నెలలపాటైనను ఇంటి దినచర్యను బిడ్డను బట్టి దిద్దుకొనవలెను. ఒక్క యింటివలన కాని పనిని వాడయంతయు కూడి చేయవలెను.

పూర్వపు మధ్యాహ్నము, నేటి మధ్యాహ్నము

ఈ సీమ జొన్నకును, కందికిని, చెరకునకును పేరుపడిన సీమ. వ్యవసాయమే జీవనముగానున్న కాలమున వేసవి దినచర్య ఎండను బట్టి ఏర్పడెను. కోడికూతతో లేచి పొలము పోవుట, పొద్దెక్కిన పిదప ఇల్లు చేరుట, అంబలి త్రాగి నీడపట్టున నడుము వాల్చుట, పొద్దు వాలిన తరువాత తిరిగి పనిలో దిగుట, ఇది పద్ధతి. ఆనాటి యిండ్లు మట్టిగోడల యిండ్లు. పైకప్పు పెంకులో, గడ్డియో, మట్టి మిద్దెయో. నడిమధ్యాహ్నమున ఇంటిలో తాతయో, నాయనమ్మయో, మేనత్తయో ఎవరో యొకరు తప్పక ఉండెడివారు. బిడ్డ ఏడ్చినచో ఎత్తుకొనుటకు ఒక చేయి ఉండెడిది.

1960వ దశకములో రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసెను. 1972లో పటాన్‌చెరు చెంత మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ నెలకొనెను. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయముల సంస్థ ఏర్పడిన పిమ్మట పటాన్‌చెరు పారిశ్రామికవాడగా పెరిగెను. తరువాత పాశమైలారము, బొల్లారము, ఖాజీపల్లి, గడ్డపోతారము, బొంతపల్లి పరిసరములలో మందుల కర్మాగారములు, ఇనుప కర్మాగారములు, రసాయన కర్మాగారములు వరుసగా లేచెను. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము వచ్చెను. వీనివలన వేలకొలది కుటుంబములకు నెలజీతము చేతికందెను. పిల్లలు బడి మెట్లెక్కిరి. ఈ మేలును కాదనుట న్యాయము కాదు.

అయితే ఈ మార్పుతో ఇంటి మధ్యాహ్నము కూడ మారినది. మొదటి షిఫ్టు ఉదయము 6 గంటలకు, రెండవది మధ్యాహ్నము 2 గంటలకు, మూడవది రాత్రి 10 గంటలకు మొదలగును. వారము తిరుగగనే షిఫ్టు మారును. పనికొరకు నారాయణఖేడు, జహీరాబాదు వైపు పల్లెలనుండి, పొరుగున నున్న బీదరు సీమనుండి, దూరమున నున్న బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశములనుండి వచ్చిన కుటుంబములు ఒంటిగది అద్దె యిండ్లలో కాపురముండును. పైన సిమెంటు రేకులు. అవ్వలు, తాతలు ఊరిలోనే ఉండిపోయిరి. మార్చి నడుమనుండి ఒంటిపూట బడులు మొదలగును. ఎనిమిది గంటలకు బడికి పోయిన పిల్లవాడు పండ్రెండున్నరకు అన్నము తిని ఇల్లు చేరును. సరిగా ఆ వేళకు ఇంటిలో పెద్దలు లేకపోవచ్చును. ఉన్నను రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రించుచుండవచ్చును. ఏప్రిలు చివరివారమున బడులు మూతబడినది మొదలు జూను 12వ తేదీ ప్రాంతమున తిరిగి తెరచువరకు దినమంతయు ఇదే స్థితి. పండ్రెండున్నరనుండి నాలుగున్నరవరకు గల ఆ నాలుగు గంటలే ఈ ప్రాంతపు పసివారికి గండము.

మొదటి ఎండల యపాయము

నడివేసవి ఎండకన్న తొలివేసవి ఎండ మేలని సామాన్యముగా తలంతురు. పెద్ద ఎండ రోహిణీకార్తెలోనే యనుట నిజమే. కాని శరీరము వేడికి అలవాటుపడుటకు వారము పది దినములనుండి రెండు వారములవరకు పట్టును. ఆ అలవాటు కుదురక ముందే వచ్చు మొదటి ఎండలు శరీరమును అదనుచూచి దెబ్బతీయును. పసివారి సంగతి మరియు విషమము. బరువుతో పోల్చిచూచినచో వారి చర్మవైశాల్యము పెద్దలకన్న ఎక్కువ. కావున బయటి వేడి త్వరగా లోనికి చొచ్చును. చెమటపోసి శరీరమును చల్లబరచుకొను శక్తి వారికి తక్కువ. అన్నింటిని మించి, ఏడాది బిడ్డ దాహమని నోరు తెరచి అడుగలేదు. ఏడ్చును, లేదా మెత్తబడి ఊరకుండును. ఊరకున్న బిడ్డను చూచి బుద్ధిమంతుడని మురియుటకన్న ముందు ఒళ్ళు తాకిచూచుట తల్లిదండ్రుల విధి.

రేకుల గదిలో మధ్యాహ్నమున బయటికన్న లోపలనే ఉక్క ఎక్కువగా నుండును. అట్టి గదిలో పంకా తిరిగినను అది వేడిగాలినే త్రిప్పును. రేకులపై తెల్లని సున్నము వేయుట, తడిపిన గోనెసంచులనో ఎండుగడ్డినో పరచుట, గుమ్మమునకు తడిగుడ్డ వ్రేలాడదీయుట, ఎదురెదురుగా గాలి ఆడునట్లు కిటికీ తెరచియుంచుట ఖర్చులేని ఉపాయములు. వంటపని ఉదయము తొమ్మిది గంటలలోపల ముగించుకొన్నచో పొయ్యివేడి మధ్యాహ్నపు వేడితో కలియదు. ఇంటికన్న వేపచెట్టు నీడ చల్లగా నున్నచో బిడ్డను అచ్చటనే పరుండబెట్టుట మేలు. బిడ్డకు పలుచని నూలుగుడ్డ చాలును. ఎండలో నిలిపిన కారులోనో, ఆటోలోనో ఒక్క నిమిషమైనను పసివారిని విడిచిపోరాదు.

ఒళ్ళు నిప్పువలె కాలుచు బిడ్డ మగతగా నుండినను, పిలిచినచో పలుకకపోయినను, మూర్ఛ వచ్చినను అది వడదెబ్బ యని గ్రహింపవలెను. వెంటనే నీడకు చేర్చి, దుస్తులు సడలించి, ఒళ్ళంతయు తడిగుడ్డతో తుడిచి, గాలి విసరుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మగతలో నున్న బిడ్డ నోటిలో నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును.

నీటి మాట

పసిబిడ్డల యింటిలో వేసవి యనగా మొదట నీరే. ఇచ్చట రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను.

మొదటిది: ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే నీరు అక్కరలేదు. ఎండలు మండుచున్నవి, బిడ్డకు గొంతు ఎండునని చెంచాతో నీరు పోయు పెద్దవారు నేటికిని కలరు. వారి ప్రేమను శంకింపవలసిన పనిలేదు. కాని తల్లిపాలలో నూటికి సుమారు 88 పాళ్ళు నీరే. కావున పాలు మరికొన్నిమారులు పట్టించిన చాలును. బయటి నీరు పోసినచో బిడ్డ కడుపు నిండి పాలు తగ్గించును. నీటితోపాటు రోగక్రిములు లోనికి పోవును. దినమునకు ఆరు మారులకు తక్కువకాకుండ మూత్రము పోయుచున్న శిశువునకు పాలు చాలుచున్నట్లే. నీరు త్రాగవలసినది పాలిచ్చు తల్లి. ఇంటిలో అందరికి వడ్డించి తాను చివర తిని, పనితొందరలో నీరు మరచు తల్లికి ఒక చెంబెడు నీరో సల్లయో ముందు అందించువాడే ఆ బిడ్డకు మేలుచేసినవాడు.

రెండవది ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైనది. ఆరు నెలలు దాటిన బిడ్డకు కాచి చల్లార్చిన నీరు ఇవ్వవలెనని అందరును చెప్పుదురు. కాచుటవలన రోగక్రిములు చచ్చును. కాని నీటిలో కరిగిన రసాయనములు పోవు. నీరు మరిగి తగ్గినకొలది అవి చిక్కబడును. ఈ భేదము పటాన్‌చెరు పరిసరములలో ప్రతి తల్లియు ఎరిగియుండవలసినది. కర్మాగారముల వ్యర్థజలములు కలియుటచే నక్కవాగు చెడి, దాని యొడ్డు గ్రామముల బావులు, బోర్లు చెడినవి. ఆ వాగు పోయి కలియునది మంజీరలో. ఈ బాధ 1990లో వ్యాజ్యరూపమున సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయినది. బాధిత గ్రామములకు మంచినీరు సమకూర్పవలెనని అందులో ఆదేశములు వెలువడినవి. మంజీర నీరు 1965నుండి హైదరాబాదు నగరపు దాహము తీర్చుచుండగా, ఆ నదికి చేరువనున్న పల్లెలే మంచినీటికొరకు న్యాయస్థానమును ఆశ్రయింపవలసి వచ్చెను. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము ద్వారా సింగూరు జలాశయపు నీరు గ్రామములకు కొళాయిలలో వచ్చినది.

కావున చేయవలసినదేమన, కొళాయి ద్వారా వచ్చు శుద్ధిచేసిన నీటినే పిల్లల త్రాగుటకును వంటకును వాడవలెను. వాగు ప్రక్క బోరునీరు కంటికి తేటగా నున్నను పరీక్ష చేయింపక పసివారికి పోయరాదు. కొళాయి రాని దినమున ఏ నీరు వాడవలెనో పంచాయతీవారు ముందుగా ప్రజలకు తెలుపవలెను. ఇంటికి తెచ్చిన నీటిని మూతగల రంజనులో పోసి, పొడుగుకాడ గరిటెతో ముంచుకొనవలెను. చేతులు ముంచు కుండలో చల్లదనముండును గాని శుభ్రత యుండదు.

ఒక చెంచా చక్కెర, ఒక చిటికెడు ఉప్పు

వేసవిలో పసివారిని పీడించు రెండవ శత్రువు విరేచనము. ఈగలు ముసిరిన పండ్లముక్కలు, రంగునీటి ఐసు, మధ్యాహ్నమునకు పులిసిన అన్నము, కడుగని చేయి, ఇవి దాని దారులు. విరేచనము బిడ్డను చంపదు. విరేచనముతో పోయిన నీరును లవణములును తిరిగి చేరకపోవుటయే చంపును. ఈ చిన్న సత్యము లోకమునకు స్పష్టముగా తెలియుటకు 1971వరకు పట్టినది. ఆ యేట బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలు సరిహద్దునగల బనగావ్ శరణార్థుల శిబిరములో కలరా చెలరేగినది. నరములద్వారా ఎక్కించు ద్రావణము నిండుకొన్నది. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ చక్కెర, ఉప్పు, సోడా తగు పాళ్ళలో కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. నూటికి ముప్పదివరకు ఉండిన మరణములు నాలుగింటికి లోపునకు దిగినవి. చదువురాని తల్లి చేతిలోని గ్లాసు వైద్యుని సూదికి సాటి యయ్యెనని చెప్పవచ్చును.

ఆ ద్రావణమే నేడు ఓఆర్‌ఎస్ అను పేర పొట్లములలో అంగన్‌వాడీలలోను ఆరోగ్య కేంద్రములలోను దొరకును. ఒక పొట్లమును పొట్లముపై చెప్పినంత నీటిలో, పెద్ద పొట్లమైనచో లీటరు శుభ్రమైన నీటిలో, ఒక్కమారుగా కలుపవలెను. సగము పొడి సగము నీరు అని అంచనాతో కలుపరాదు. కలిపినదానిని 24 గంటలలోపల వాడి, మిగిలినది పారబోయవలెను. పొట్లము దొరకని వేళ లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును, చెంచా అంచువరకు సమముగా కొలిచి, కలుపవచ్చును. ఉప్పు ఎక్కువైనచో కీడు. విరేచనమైన ప్రతిమారును రెండేండ్లలోపు బిడ్డకు 50నుండి 100 మిల్లీలీటర్లవరకు, అంతకు పెద్దవారికి 100నుండి 200 మిల్లీలీటర్లవరకు చెంచాచెంచాగా త్రాగింపవలెను. తల్లిపాలు మాన్పరాదు, అన్నము మాన్పరాదు. వైద్యులు చెప్పిన ప్రకారము జింకు మాత్రను 14 దినములు వాడవలెను, విరేచనములు నాలుగు దినములలో కట్టినను మాన్పరాదు. బిడ్డ కన్నులు లోతుకు పోయినను, ఏడ్చిన కన్నీరు రాకున్నను, త్రాగలేకున్నను, మలములో నెత్తురు పడినను ఆలసింపక ఆసుపత్రి చేరవలెను.

ఇచ్చట మరియొక హెచ్చరిక. విరేచనము పట్టగనే దుకాణమునకు పోయి నాలుగు మాత్రలు తెచ్చి బిడ్డకు మ్రింగించు అలవాటు ఈ ప్రాంతమున మిక్కిలి ప్రమాదకరము. స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిన పరిశోధనలో, పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను క్రిమినాశక ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నట్లు తేలెను. మందు పుచ్చుకొన్న రోగి రక్తములో నుండు పరిమాణమునకన్న అది అధికము. ఇట్లు నీటిలో నానిన క్రిములు ఆ మందునకు లొంగని మొండిక్రిములగును. అవసరములేని వేళ మందు మ్రింగించుట ఆ మొండితనమునకు ఇంటిలోపలగూడ పాదుచేయుటయే. నిజముగా ప్రాణాపాయము కలిగిన నాడు అదే మందు పనిచేయకపోవచ్చును. సామాన్యమైన నీళ్ళ విరేచనమునకు వలసినది ద్రావణము, జింకు, తల్లి ఓర్పు. క్రిమినాశకము వలయునా యను నిర్ణయము వైద్యునిది.

పొయ్యిమీది వేసవి

తొలివేసవి భోజనమును ఈ సీమ పెద్దలు చక్కగా తీర్చియుంచిరి. జొన్నరవ్వతో కాచిన అంబలి, అందులో సల్ల, ఒక యుల్లిపాయ, మధ్యాహ్నమునకు పచ్చిపులుసు, చింతచిగురు పప్పు, సాయంత్రమునకు తాటిముంజలు. ఇవన్నియు ఒంటికి నీటిని చేర్చునవే. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోపాటు మెత్తగా ఉడికించిన అన్నము, పప్పు, పలుచని జొన్నజావ కొలది కొలదిగా అలవాటు చేయవలెను. వేసవిలో పిల్లలు ఒక్కమారుగా ఎక్కువ తినరు. మూడుమారులు బలవంతముగా పెట్టుటకన్న ఐదారుమారులు కొంచెముకొంచెముగా పెట్టుట యుక్తము. ముంజలను పైపొట్టు తీసి చిన్నముక్కలుగా చేసి పెట్టవలెను. లేనిచో గొంతున అడ్డుపడును. ఉదయము వండినది మధ్యాహ్నమునకే ముగింపవలెను.

ఒక వింత చూడుడు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ అను పంటలపై లోకమంతటికిని ఉపయోగపడు పరిశోధన పటాన్‌చెరు చెంతనే జరుగుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ పరిశోధనా క్షేత్రపు ప్రహరీ ప్రక్కనగల ఇంటిలో మాత్రము జొన్న అంబలి నామోషీయై, రంగుపొట్లములోని చిరుతిండి గౌరవమైనది. అంబలిని పేదరికపు గుర్తుగా గాక బిడ్డ యారోగ్యపు గుర్తుగా తలచు దినము రావలెను.

1975 అక్టోబరు 2వ తేదీన దేశమున ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమునుండియే అంగన్‌వాడీలు పుట్టినవి. అచ్చట పసివారికి పోషకాహారము లభించును, బరువు తూచుదురు, టీకాల దినము చెప్పుదురు. వేరు రాష్ట్రమునుండి వచ్చిన తల్లికి ఈ సంగతి తెలియకపోవచ్చును; భాష అడ్డుపడవచ్చును. ప్రక్కయింటి ఇల్లాలు ఆమెను చేయిపట్టి ఒక్కమారు తీసికొనిపోయినచో ఆ బిడ్డకు జీవితాంతపు మేలు.

తండ్రి వంతు

పిల్లల పెంపకమును గూర్చి పలుకునపుడు తల్లికే పాఠములు చెప్పి తండ్రిని విడిచిపెట్టుట లోకరీతి. రాత్రి షిఫ్టు చేసి ఉదయము వచ్చిన తండ్రి మధ్యాహ్నము నిద్రింపవలెను. ఒంటిగది యిల్లు. బిడ్డ ఆడినచో నిద్ర చెడును, నిద్ర చెడినచో కోపము, కోపమునకు దెబ్బ. దెబ్బకు జడిసి బిడ్డ ఎండలోనికి పరుగెత్తును. ఈ గొలుసులో ఎవరి దోషమును లేదు; గదియొక్క యిరుకే దోషము. అయినను తెగవలసినది గొలుసే. తండ్రి నిద్రించు గంటలలో బిడ్డకు వేరొక నీడపట్టు ముందుగానే ఏర్పరచుకొన్న యింటిలో ఈ కలహము పుట్టదు.

కర్మాగారమునుండి వచ్చిన తండ్రిని చూడగనే బిడ్డ కాళ్ళకు చుట్టుకొనును. ఎత్తుకొనుట సహజము. కాని రసాయనముల మధ్య ఎనిమిది గంటలు పనిచేసిన బట్టలపైని పొడియు వాసనయు బిడ్డ చర్మమునకును ఊపిరికిని మంచివి కావు. పని బట్టలు మార్చి, చేతులు ముఖము కడిగికొని ఎత్తుకొనవలెను. ఆ బట్టలను బిడ్డ గుడ్డలతో కలిపి ఉతుకరాదు. షిఫ్టు ఏదైనను దినమునకు ఒక అరగంట, స్నానము చేయించుటయో, అన్నము తినిపించుటయో, కథ చెప్పుటయో, తండ్రి చేతిమీద జరిగినచో బిడ్డకు తండ్రి కొత్తవాడు కాడు. జీతముకొరకు బిడ్డకు దూరమైన తండ్రి, జీతము తెచ్చి బిడ్డకు దగ్గర కాలేకపోయినచో ఆ కష్టమునకు ఫలమేమి?

తల్లియు పనికి పోవు ఇండ్లసంగతి చట్టము కొంత యోచించినది. 1948నాటి ఫ్యాక్టరీల చట్టము, 50 మందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారములో ఆరేండ్లలోపు పిల్లలకు శిశుగృహము ఉండవలెనని విధించెను. 1976 సవరణతో ఆ సంఖ్య 30కి దిగెను. 2017లో ప్రసూతి ప్రయోజనముల చట్టమునకు జరిగిన సవరణ, మొదటి రెండు కాన్పులకు 26 వారముల సెలవును, 50 మంది ఉద్యోగులున్న చోట శిశుగృహమును, తల్లి దినమునకు నాలుగుమారులు పోయి బిడ్డను చూచు హక్కును కలిగించెను. 2020నాటి సామాజిక భద్రతా స్మృతిలోను శిశుగృహపు నియమము నిలిచినది. చట్టము కాగితముపై చక్కగనే యున్నది. కాని చిన్న షెడ్డులలో, గుత్తదారు క్రింద, దినకూలికి పనిచేయు తల్లులకు దాని నీడ అందుట అరుదు. హక్కు ఉన్నదని తెలిసినవారే హక్కును అడుగగలరు. తెలియజేయుట చదువుకొన్నవారి పని.

గ్రంథాలయపు నీడ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఆ నాలుగు గంటలు పిల్లలెచ్చట నుండవలెను? ఇల్లు వేడి; వీథి ఎండ; చెరువులు, రాతి గుంతలు ప్రాణాంతకములు. వేసవిలో ఈతకు పోయి మునిగిన బాలుర వార్త లేని యేడు లేదు. ఊరిలో గట్టి పైకప్పు, గాలి, నీరు, పెద్దల కన్ను గల స్థలము ఏది? అనేక గ్రామములలో అది గ్రంథాలయమే. కాని చాలచోట్ల గ్రంథాలయము ఉదయము కొన్ని గంటలు, సాయంత్రము కొన్ని గంటలు తెరచి, నడిమధ్యాహ్నము తాళము వేయబడును. పెద్దల సౌకర్యమునకు ఆ వేళలు సరియే. పిల్లలకు మాత్రము తాళము వేసిన వేళయే అవసరమైన వేళ.

తెలంగాణములో గ్రంథాలయము పుట్టుకనుండియు కేవలము పుస్తకముల బీరువా కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి గ్రంథాలయోద్యమము ప్రజల మేలుకొలుపునకు మారుపేరైనది. 1930లో ఈ సీమలోని జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన మొదటి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. ఆ సందర్భముననే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతన మహిళాసభయు జరిగెను. స్త్రీల సంగతి, పిల్లల సంగతి సభలలో మాట్లాడదగిన విషయములేయని ఈ గడ్డ తొంబదియేండ్లకు పూర్వమే ఒప్పుకొన్నది. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రికను ఆరంభించిరి. 1947లో 'చందమామ' వెలువడెను. నేటి తాతలు అనేకులు వేసవి సెలవులలో ఆ పత్రికల నీడనే చదువరులైరి. ఆ పత్రికలు ఆగిపోయినను కథలు చెప్పగల తాతలు ఉన్నారు, వినగోరు పిల్లలు ఉన్నారు. ఇరువురిని ఒకచోట చేర్చువారే కావలెను.

ఏమి చేయవచ్చును? ఒంటిపూట బడులు మొదలైన దినమునుండి బడులు తిరిగి తెరచువరకు, గ్రంథాలయమును పండ్రెండున్నరనుండి నాలుగున్నరవరకు పిల్లలకొరకు తెరచియుంచవచ్చును. ఒక మూల మూతగల రంజను, అందులో పరీక్షించిన నీరు. మరియొక మూల చాపలు, బొమ్మల పుస్తకములు. బల్లమీద పది ఓఆర్‌ఎస్ పొట్లములు, కలుపు విధము పెద్దయక్షరములలో వ్రాసిన అట్ట. వంతులవారీగా ఇద్దరు పెద్దలు కాపు. పసివారు నిద్రపోవుదురు, బడి పిల్లలు చదువుదురు, నడుమ ఒక తాత కథ చెప్పును. బీహారు బిడ్డ తెలుగు నేర్చును. తెలుగు బిడ్డ హిందీ నేర్చును. చందా వసూలుచేసి కట్టవలసిన భవనము కాదిది. తాళము తీయవలసిన తలుపు మాత్రమే. నీటి ఖర్చును పంచాయతీ, చాపల ఖర్చును చందాదారులు, పుస్తకముల కొంతభాగమును సమీపపు కర్మాగారములవారు భరించినచో భారమెవరికిని తోచదు.

ఇరువదియైదు వత్సరములు నిండిన సంస్థ తనను తాను అడుగుకొనవలసిన ప్రశ్న ఎన్ని గ్రంథములు చేరినవని మాత్రమే కాదు. ఎండవేళ ఎందరు పసివారికి నీడ దొరకినదని కూడ. ఈ యేటి తొలివేసవిలో ఏ వీథినైనను ఒక్క బిడ్డ నీరులేక వాడిపోకుండ, ఒక్క బిడ్డ ఎండకు జడిసి గుంతలో దిగకుండ కాపాడిన నాడు ఈ రజతోత్సవము సార్థకమైనట్లే. రంజను నింపుడు, తాళము తీయుడు, తాతలను పిలువుడు.